చేపలవేట పడవకు గాడిపట్టాలు: ఎన్నిక, బిగింపు

పడవ నడుపువానికి చేతులు రెండే. కయాక్ అనెడి చిన్న పడవలో ఒంటరిగా కూర్చుండి చేపలు పట్టువానికి ఆ రెండు చేతులును తెడ్డు వేయుటకే సరిపోవును. అయినను వాడు గాలపుకఱ్ఱను నిలుపవలెను, ఎఱను కూర్చవలెను, నీటిలోతును తెలుపు యంత్రమును చూచుచుండవలెను, ప్రొద్దు క్రుంకినచో దీపమును పెట్టుకొనవలెను. వీనిలో ఏ యొక్కదానిని పడవలో ఊరక ఉంచినను మొదటి కుదుపునకే నీటిపాలగును. ఈ యిబ్బందిని తీర్చుటకే అట్టి పడవలపై గాడిపట్టాలను బిగించు పద్ధతి యేర్పడినది.

పని చూచుటకు స్వల్పము. ఒక పూటలో ముగియును. కాని దీనికొఱకు పడవ ఒంటికి బెజ్జములు పొడువవలసియున్నది. ఒక్కొక్క పట్టాకు నాలుగైదు బెజ్జములు. రెండు పట్టాలైనచో పది. బెజ్జము చోటు తప్పినను, నీరు దిగకుండ మూయబడకున్నను, నష్టము పడవ వెలతో పోదు. నడినీట ఒంటరిగా నున్న మనుష్యుని ప్రాణము ఆ బెజ్జముపై ఆధారపడియుండును. కావున బరమా చేతబట్టుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులను వరుసగా వివరింతుము.

మన ప్రాంతపు రైతునకు కయాక్‌తో నేమి పని యని కొందఱు సభ్యులు అడుగవచ్చును. చేపల చెఱువులు గలవారు మేత వేయుటకును, నీటిని పరీక్షించుటకును ప్లాస్టికు పడవలను, ఫైబరు పడవలను వాడుచునే యున్నారు. కయాక్ విషయమున వర్తించు సూత్రములలో పెక్కు ఆ పడవలకును వర్తించును. ఆ సంగతి వ్యాసము చివర చెప్పెదము.

కయాక్ ఎట్టి పడవ?

కయాక్ పుట్టినిల్లు ఉత్తర ధ్రువ ప్రాంతము. గ్రీన్లాండు, ఉత్తర కెనడా, అలాస్కా తీరములందలి ఇన్యూట్, అల్యూట్ జాతులవారు కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీల్ అను జంతువు తోలును బిగించి కుట్టి, ఈ పడవను చేసికొనెడివారు. పడవ పైకప్పునకు అడ్డముగా తోలుత్రాళ్లను బిగించి, వాని క్రింద వేటబల్లెమును చేతికందునట్లు దోపుకొనెడివారు. పనిముట్టును వేటగాని యెదుట నిలుపుకొను ఆలోచన, కావున, క్రొత్తది కాదు. త్రాడు పోయి పట్టా వచ్చినది, అంతియే భేదము.

నేడు అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు మొదలగు దేశములలో చేపలవేటకు వాడు కయాక్‌లు పెక్కు పాలిథిలీన్ అను ప్లాస్టికుతో చేయబడుచున్నవి. పొడిగా నున్న ప్లాస్టికును లోహపు అచ్చులో పోసి, ఆ అచ్చును వేడి పొయ్యిలో అన్నివైపులకు త్రిప్పుచుందురు. పొడి కరగి అచ్చు లోపలి గోడకు అంటుకొనును. చల్లాఱిన పిమ్మట అతుకులేని బోలు పడవ వెలువడును. మన డాబాలపై నుండు ప్లాస్టికు నీళ్ల ట్యాంకులను చేయునదియు ఈ విధముననే. ట్యాంకును ఎఱిగినవాడు కయాక్ స్వభావమును సగము ఎఱిగినట్లే.

ఇట్టి పడవ గోడ మందము సాధారణముగా 5, 6 మిల్లీమీటర్లకు మించదు. అదియు అన్నిచోట్ల ఒకే తీరుగా నుండదు. మూలలందు దళసరిగాను, విశాలమైన బల్లపరుపు భాగములందు పలుచగాను ఉండవచ్చును. మనుష్యుడు పైభాగమున కూర్చుండును. వాని క్రింద నున్న బోలు భాగములోని గాలియే పడవను తేల్చును. పైన పడిన నీరు దిగిపోవుటకు కొన్ని గొట్టములు ఉండును. అవి పడవ పైనుండి అడుగునకు నేరుగా పోవును గాని బోలులోనికి తెఱచుకొనవు. మనము పొడుచు బెజ్జము మాత్రము నేరుగా బోలులోనికి పోవును. అక్కడ చేరు నీరు పైన కూర్చున్నవానికి కనబడదు. కొంచెము కొంచెముగా ఊఱి, పడవ ఒరిగిన వైపునకే పరుగెత్తి, దానిని మఱింత ఒరుగజేయును. ప్రమాదమంతయు ఇందే యున్నది.

గాడిపట్టా యనగా నేమి?

ఎడ్లబండి ప్రక్కలకు గుంజలను నిలుపుటకు గూళ్లు ఉండుట మన మెఱుగుదుము. గూడు ఎక్కడ తొలిచిన గుంజ అక్కడనే నిలువవలెను. ఆ గూటిని మన యిష్టము వచ్చినట్లు ముందునకు వెనుకకు జరుపుకొను వీలున్నయెడల ఎట్లుండును? గాడిపట్టా చేయు పని అదియే. ఇది పొడవైన లోహపు పట్టా. దాని నడుమ నిలువునా ఒక గాడి యుండును. గాడి నోరు ఇఱుకు, లోపలి భాగము వెడల్పు. వెడల్పైన తల గల బోల్టును ఆ గాడిలో దింపి, పై నుండి పిడిని బిగించినచో తల లోపల పట్టుకొనును. పిడిని వదులు చేసినచో జాఱును. గాలపుకఱ్ఱను పట్టు గొట్టమును, యంత్రమును నిలుపు చేతిని, దీపపు కాడను ఈ బోల్టునకే తగిలింతురు. పొడిచిన బెజ్జములు అవియే. సామగ్రి మాత్రము ఎన్నిమాఱులైనను స్థలము మార్చుకొనవచ్చును. ఒక్కొక్క పనిముట్టునకు వేఱువేఱుగా బెజ్జములు పొడిచెడి పని తప్పును. పట్టాలోని ముఖ్య లాభము ఇదియే.

ముందుగా విచారింపవలసినది

మొదటి ప్రశ్న: పట్టా నిజముగా కావలయునా? ఇప్పటి కయాక్‌లలో కొన్నిటికి చేసినచోటనే పట్టాలు అమర్చి యిత్తురు. మఱికొన్నిటికి పట్టా వచ్చుటకు చదునైన గుంట వదలి, దానిలో ఇత్తడి నట్టులను అచ్చులోనే పొదిగి యుంచెదరు. అట్టిచోట బెజ్జము పొడువ నక్కఱలేదు. మరమేకును త్రిప్పినచో చాలును. పడవతో వచ్చిన కాగితములను చదివి, పడవను నలుదిక్కుల తడవి చూచిన పిమ్మటనే తక్కిన ఆలోచన చేయవలెను. బెజ్జము పొడిచినయెడల అమ్మినవారు ఇచ్చిన పూచీ చెల్లునో చెల్లదో కూడ ముందుగానే కనుగొనవలెను.

రెండవ ప్రశ్న: ఏమేమి నిలుపవలెను? ఒక సంవత్సరము వేటాడిన పిమ్మట తేలు అవసరమునకును, కొన్ననాడు తోచు అవసరమునకును చాల భేదముండును. క్రొత్తగా పడవ కొన్నవాడు కొన్నాళ్లు ఊరక వాడి చూచి, చేయి ఎక్కడెక్కడికి పోవుచున్నదో కనిపెట్టి, ఆపైన ఒక్క పట్టాతో ఆరంభించుట మేలు. బిగించిన పట్టాను ఊడదీయవచ్చును గాని పొడిచిన బెజ్జమును లేకుండ చేయలేము.

పట్టాను ఎన్నుకొనుట

పట్టాలు అల్యూమినియముతోను, గట్టి ప్లాస్టికుతోను చేయబడుచున్నవి. దీపము, చిన్న యంత్రము వంటి తేలిక వస్తువులకు ప్లాస్టికు పట్టా చాలును. చేప లాగెడు గాలపుకఱ్ఱకు అల్యూమినియము పట్టాయే తగును. దానిపై తుప్పునకు లొంగని పూత, అనగా యానోడైజింగు, ఉన్నదా యని చూడవలెను.

బోల్టు తల గాడిలోనికి దిగు మార్గమును బట్టి పట్టాలు రెండు విధములు. కొన్నిటిలో తలను పట్టా కొననుండి దూర్పవలెను. మఱికొన్నిటిలో గాడి నోరు ఒకచోట వెడల్పుగా నుండి, పైనుండియే దింపుకొనవచ్చును. పట్టా కొన పడవ గోడకు ఆనుకొని యుండుచోట మొదటి రకము పనికిరాదు. పైనుండి దింపు రకములో బోల్టు వెడల్పైన చోటికి జాఱిన యెడల ఊడివచ్చును గనుక పనిముట్టును ఆ చోటికి దూరముగా బిగింపవలెను.

పొడవు 4 అంగుళములు మొదలు 24 అంగుళముల వఱకు దొరకును. ఒకే పనిముట్టునకు చిన్నది చాలును. 12 లేక 16 అంగుళముల పట్టా రెండు పనిముట్లకు సరిపోవును. పొడవు పెరిగిన కొలది పడవ గోడ వంపుతో తగవు వచ్చును. ఎండలో కలుగు వ్యాకోచమును హెచ్చును.

మరచుట్ల విషయమున జాగ్రత్త యవసరము. అమెరికా పద్ధతి పట్టాలకు వాడు బోల్టులు పెక్కు పావు అంగుళము లావు, అంగుళమునకు 20 చుట్లు గలవి. మన అంగళ్లలో సులభముగా దొరకు ఎం-6 బోల్టు 6 మిల్లీమీటర్ల లావు, చుట్టునకు చుట్టునకు ఒక మిల్లీమీటరు ఎడము గలది. పావు అంగుళపుది 6.35 మిల్లీమీటర్లు, చుట్ల యెడము 1.27 మిల్లీమీటర్లు. ఈ రెండును కంటికి ఒకటే. ఎం-6 బోల్టు పావు అంగుళపు నట్టులో కొంతదూరము దిగినట్లే యుండును. బరువు పడినప్పుడు జాఱిపోవును. కొనునప్పుడే బోల్టును నట్టును జతగా త్రిప్పి చూచి, కడవఱకు నునుపుగా దిగినదానినే తీసికొనవలెను.

మరమేకులు స్టెయిన్‌లెస్ ఉక్కువి కావలెను. మంచినీటికి 304 తరగతి చాలును. ఉప్పునీటికి 316 తరగతి మేలు. మామూలు ఇనుపమేకు పోయించిన జింకు పూత అరిగినంతనే తుప్పుపట్టి, బెజ్జమును పెద్దది చేయును.

బరువు లెక్క

ఏతమెక్కినవానికి ఈ లెక్క చెప్పనక్కఱలేదు. మాను పొడవైన కొలది కొననున్న స్వల్ప బలము మొదట గొప్ప బలమగును. గాలపుకఱ్ఱయు అట్టిదే. చేప 5 కిలోల బలముతో లాగినదనుకొందము. కఱ్ఱ వంగిన పిమ్మట మొదటినుండి కొనవఱకు మీటరు దూరమున్నదనుకొందము. పట్టాలోని మరమేకుల నడుమ ఎడము 10 సెంటీమీటర్లు. అప్పుడు ఒక మేకును పైకి లాగు బలము 5 కిలోలు గాక, దానికి పదిరెట్లు, అనగా సుమారు 50 కిలోలగును. చేప పడవ ప్రక్కకు లాగినచో పట్టా వెడల్పు మాత్రమే అడ్డుకొనును. ఆ వెడల్పు 3 సెంటీమీటర్లే యైనచో, బలము 160 కిలోలు దాటును; దానిని దగ్గఱనున్న రెండు మూడు మేకులు పంచుకొనవలెను. 5 మిల్లీమీటర్ల ప్లాస్టికును కొఱికి నిలిచిన ఒట్టి మరమేకు దీనికి తాళునా యని ఎవరికి వారే ఆలోచించుకొనవచ్చును.

ఎక్కడ బిగింపవలెను?

స్థలనిర్ణయము కొలబద్దతో గాక శరీరముతో చేయవలెను. పడవను నేలపై మెత్తని గడ్డి మీద నుంచి, వేటకు పోవునట్లే కూర్చుండి, తెడ్డుతో నూఱుమాఱులు గాలిలో తోయవలెను. తెడ్డుగాని, పిడికిలిగాని, మోకాలుగాని పోవు దారిలో పట్టా ఉండరాదు. పట్టాను అంటుటేపుతో తాత్కాలికముగా నిలిపి, దానిపై గాలపుకఱ్ఱ గొట్టమును పెట్టి, మరల తోసి చూడవలెను. వంగకయే చేయి అందుచున్నదా? వెనుకకు తిరిగి చూడవలసిన వస్తువునకు కుదుపులో చేయి చాచుట పడవను బోర్లవేసికొనుటకు సులభమైన మార్గము.

పడవ బోల్తాపడినప్పుడు మనుష్యుడు నీటిలోనుండి మరల పైకెక్కునది ప్రక్కనుండియే. ఆ ప్రక్కలలో ఒకదానినైనను పట్టాలు, కొక్కెములు, గొట్టములు లేకుండ బోసిగా వదలవలెను. ఎక్కువాని చొక్కాయో, ప్రాణరక్షక కవచపు పట్టెడయో ఆ గొట్టమునకు తగిలికొన్నచో వాడు పైకి రాలేడు. అన్ని సలహాలలో దీనిని ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను.

లంగరుత్రాటిని గాడిపట్టాకు ఎన్నటికిని కట్టరాదు. పాఱు నీటిలో పడవ నడుమ ప్రక్కను కట్టిన లంగరు పడవను ప్రవాహమునకు అడ్డముగా త్రిప్పి పల్లార్చును. లంగరు పట్టు పడవ ముక్కు దగ్గఱనో, వెనుక కొన దగ్గఱనో ఉండవలెను. దానికి వేఱుగా కప్పీత్రాటి యేర్పాటు గలదు.

నీటిమట్టమునకు క్రింద బెజ్జము పొడువరాదు. నీరు దిగు గొట్టముల దగ్గఱను, అచ్చు రెండు సగములు కలిసిన గీతపైనను, బాగుగా వంపు తిరిగిన చోటను పొడువరాదు. పట్టా చదునుగా ఆనవలెను. వంపుమీద పట్టాను బలవంతముగా వంచి బిగించినచో అది రాత్రింబవళ్లు మేకులను పైకి లాగుచునే యుండును. కొద్ది ఎడమున్నచో ప్లాస్టికు ముక్కను తగినట్లు చెక్కి అడుగున వేయవలెను.

ఎండయు ప్లాస్టికును

ప్లాస్టికు వేడికి సాగినంత అల్యూమినియము సాగదు. పాలిథిలీన్ అల్యూమినియము కంటె ఇంచుమించు ఆఱు రెట్లు సాగునని లెక్కవేసికొనవచ్చును. 40 సెంటీమీటర్ల పట్టా క్రింద 30 డిగ్రీల వేడి హెచ్చినయెడల, ప్లాస్టికు సుమారు 1.8 మిల్లీమీటర్లు సాగును, పట్టా 0.3 మిల్లీమీటరైనను సాగదు. మీటరు పొడవైనచో ఈ భేదము 4 మిల్లీమీటర్లకు చేరవచ్చును. బెజ్జములు మేకునకు బిఱ్ఱుగా నున్నచో ప్లాస్టికు ఉబ్బి అలలు తేలును, లేక బెజ్జము అంచు పగులును. కావున కొనలనున్న బెజ్జములు మేకుకంటె అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వఱకు పెద్దవిగా నుండవలెను. పొడవైన ఒక పట్టాకు బదులు పొట్టివి రెండు మేలు. మండుటెండలో కాచిన పడవకు బెజ్జము పొడువరాదు. నీడలో చల్లబడిన పిమ్మట పని మొదలిడవలెను.

బిగించు విధములు

మొదటిది, ఉత్తమమైనది: పడవ మూతనుండి చేయి లోపలికి అందుచోట, పైనుండి బోల్టును దించి, లోపల వెడల్పైన వాషరును, వదులు కాని నైలాను నట్టును వేయుట. వాషరులకు బదులు పట్టా పొడవునకు సరియైన అల్యూమినియము ముక్కనో, గట్టి ప్లాస్టికు బద్దనో లోపల వేసినచో బలము ఒకచోట పడక గోడ యంతటను పరచుకొనును. గాలపుకఱ్ఱ పట్టాలకు ఈ పద్ధతి సాధ్యమైనంతవఱకు విడువరాదు.

రెండవది: చేయి అందనిచోట రబ్బరు నట్టు. ఇది రబ్బరు గొట్టము. దాని కొనయందు ఇత్తడి నట్టు పొదిగియుండును. బెజ్జములో దూర్చి మరను బిగించినచో రబ్బరు గోడ వెనుక ఉబ్బి పట్టుకొనును. నీటిని కూడ అడ్డగించును. అయితే దీనికి పెద్ద బెజ్జము కావలెను. పావు అంగుళపు బోల్టునకు అర అంగుళము బెజ్జము పొడువవలసియుండును.

మూడవది: మూడు కాళ్ల రివెట్టు. దీనిని లాగినప్పుడు గోడ వెనుక మూడు రేకులుగా విచ్చుకొని వెడల్పైన పట్టు నిచ్చును. రేకుపనికి వాడు మామూలు రివెట్టు మెత్తని ప్లాస్టికులో నిలువదు. బలము పడినంతనే బెజ్జములోనుండి బయటికి వచ్చును.

నాల్గవది: ప్లాస్టికును కొఱికి దిగు మరమేకు. దీనిని దీపము వంటి తేలిక వస్తువులకు మాత్రమే వాడవలెను.

జిగురుతో నంటింపరాదా యని అడుగవచ్చును. పాలిథిలీనునకు జిగురు నిలువదు. డాబామీది ట్యాంకునకు కుళాయి పెట్టునప్పుడు పనివాడు జిగురును నమ్ముకొనడు. లోపల నొకటి, వెలుపల నొకటి రబ్బరు వాషరు వేసి నట్టుతో బిగించును. ఇక్కడను అంతియే. మనము పూయు సీలెంటు అంటించుటకు కాదు. నొక్కుడుపడి సందును నింపుటకు. బలమును బోల్టు వహింపవలెను. నీటిని సీలెంటు ఆపవలెను. ఈ రెండు పనులను కలిపివేయుటవలననే పెక్కు పడవలు చెడినవి.

పని జరుపు క్రమము

1. పట్టాను పెట్టదలచిన చోట, పడవ లోపల దీపము వేసి చూడవలెను. చుక్కాని తీగలు, నురుగు దిమ్మలు బెజ్జము దారిలో ఉన్నచో చోటు మార్చవలెను.

2. ఆ చోట అంటుటేపు వేసి, దానిపై గుర్తు పెట్టవలెను. టేపు వలన బరమా ములుకు జాఱదు.

3. బరమా ములుకునకు కొననుండి ఒక సెంటీమీటరు మాత్రము వదలి, తక్కిన భాగమునకు చెక్క గొట్టమో, దళసరి టేపో చుట్టవలెను. అది అడ్డుకొనును గనుక ములుకు ఒక్కసారిగా దిగి అడుగు గోడను పొడువదు.

4. మొదట సన్నని ములుకుతో, పిమ్మట సరియైన కొలత ములుకుతో, మెల్లగా త్రిప్పుచు పొడువవలెను. వేగముగా త్రిప్పినచో ప్లాస్టికు కరగి ముద్దకట్టును.

5. అన్ని బెజ్జములు ఒకేసారి పొడువరాదు. ఒక కొన బెజ్జము పొడిచి, పట్టాను బోల్టుతో నిలిపి, సరిచూచి, రెండవ కొనది పొడువవలెను. రెండు కొనలు కుదిరిన పిమ్మటనే నడిమివి.

6. బెజ్జముల అంచులందలి చిలుకలను పదునైన చాకుతో తీసి, లోపల పడిన పొట్టును తుడిచివేయవలెను. స్పిరిటుతో తుడిచి ఆఱనీయవలెను.

7. ప్రతి బెజ్జము చుట్టును, ప్రతి మేకు మెడకును సముద్రపు పనికి తగిన సీలెంటును గాని, బ్యూటైల్ టేపును గాని వేయవలెను. అల్యూమినియమును స్టెయిన్‌లెస్ ఉక్కును ఉప్పునీటిలో ఒరసికొన్నచో అల్యూమినియము తినివేయబడును; మేకుల చుట్లకు గ్రీజు వంటి రక్షణ పదార్థమును పూయుట మంచిది.

8. నడిమి మేకులనుండి కొనలకు, కొంచెము కొంచెముగా, మార్చి మార్చి బిగింపవలెను. సీలెంటు అంచున సన్నగా కనబడినంతనే ఆపవలెను. ఇంకను బిగించినచో సీలెంటంతయు వెలికి పోవును, ప్లాస్టికును నలుగును. ఒక దినము గడచిన పిమ్మట మరల నొక పావు చుట్టు బిగింపవచ్చును.

పరీక్ష

పని ముగిసినంతనే వేటకు పోరాదు. సీలెంటు గట్టిపడిన పిమ్మట పడవ బోలులో రెండు బకెట్ల నీరు పోసి, మూతలు బిగించి, క్రొత్త మేకుల వైపునకు వంచి కొంతసేపు నిలుపవలెను. వెలుపల పొడిగా తుడిచిన చోట ఒక్క చుక్క కనబడినను విప్పి మరల చేయవలెను. పిమ్మట మోకాలిలోతు నీటిలో, పూర్తి బరువుతో అరగంట తేల్చి, పైకి తీసి, లోపలి నీటిని చూడవలెను. ఈ రెండు పరీక్షలకు అయ్యెడు వ్యయము ఒక పూట కాలము మాత్రమే.

బెజ్జము చోటు తప్పినచో దానిని ఎపాక్సీ ముద్దతో పూడ్చి మఱచిపోవుట తగదు. ఆ ముద్ద పాలిథిలీనును పట్టుకొనదు, కొన్నాళ్లకు ఊడును. దానిలో పొట్టి బోల్టును, రెండువైపుల రబ్బరు వాషరులను, నట్టును వేసి మూయవలెను. లేదా అదే రకపు ప్లాస్టికుతో కరగించి అతుకు పని తెలిసినవానిచే చేయింపవలెను.

ఏటేట వేటకాలమునకు ముందు ప్రతి మేకును త్రిప్పి చూడవలెను. ఉప్పునీటిలో వాడిన పడవను ప్రతిసారి మంచినీటితో కడిగి, గాడిలోని ఇసుకను తీసివేయవలెను. ఇసుక పట్టిన గాడిలో బోల్టు బిగిసినట్లు తోచును గాని తల పట్టుకొనదు.

మన చెఱువు పడవలకు

కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని చేపల చెఱువులందు తవుడును, చెక్కయు నింపిన సంచులకు అడుగున బెజ్జములు పెట్టి, వెదురు గుంజలకు కట్టి మేత వేయుదురు. పడవలో పోవు మనుష్యుడు ఒక చేత గుంజను పట్టుకొని రెండవ చేత సంచిని కట్టవలెను. తెల్లవాఱుటకు ముందు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. రాత్రి యంతయు నాచును చేపలును దానిని పీల్చుకొనుటయే గాని ఎండ లేక క్రొత్తది పుట్టకుండుట దీనికి కారణము. కావున కొలత తీయవలసినదియు ఆ చీకటివేళనే. దీపము, కొలత యంత్రము, తెడ్డు, మూడింటికి రెండు చేతులు చాలవు. ఒక పొట్టి పట్టాపై దీపమును, యంత్రమును నిలిపినచో పని సులభమగును.

ఆ పడవ పాలిథిలీనుదైనచో పైన చెప్పినదంతయు వర్తించును. ఫైబరుదైనచో కొన్ని భేదములు గలవు. ఫైబరు గట్టిది, పెళుసుది. ములుకును వేగముగా నొక్కినచో పైపూత పెచ్చులూడును. ఆరంభమున బరమాను వెనుకకు త్రిప్పుచు పైపూతను గీరి, పిమ్మట ముందునకు త్రిప్పవలెను. ఫైబరు పొడి ఊపిరితిత్తులకు హానికరము గనుక ముక్కునకు మాస్కు తప్పదు. ఫైబరునకు జిగురు చక్కగా నిలుచును. అయినను వెనుకబద్దయు బోల్టును మానరాదు. డ్రమ్ములతో కట్టిన తెప్పయైనచో డ్రమ్ములకు బెజ్జము పొడువనే పొడువరాదు. పైనున్న చెక్కకే పట్టాను బిగింపవలెను.

మంచి బరమా, అన్ని కొలతల ములుకులు, రివెట్టు పనిముట్టు, స్టెయిన్‌లెస్ బోల్టుల పెట్టె, సీలెంటు గొట్టములు, వీనిని ఒక్కొక్క రైతు వేఱువేఱుగా కొనుట దండుగ. సీలెంటు గొట్టము ఒకసారి తెఱచినచో కొలది దినములలో గట్టిపడును. ఒక పడవకు సగమైనను పట్టదు. పది పడవల పని ఒకేవారములో పెట్టుకొని, సరకు సంఘము ద్వారా ఒక్కసారిగా తెప్పించుకొన్నచో ఖర్చు తగ్గును. అంతకంటె ముఖ్యముగా, ఒకరి పనిని మఱొకరు చూచెదరు. బెజ్జము పొడుచునప్పుడు రెండవ మనుష్యుడు ప్రక్కన నుండవలెననియు, పరీక్ష ముగియనిది పడవను చెఱువులో దింపరాదనియు సభ్యులు తమలో తాము నియమము చేసికొనుట మంచిది.

ఎంత బాగుగ బిగించిన పట్టాయైనను ప్రాణరక్షక కవచమునకు బదులు కాదు. పట్టాపై దీపమున్నదని, యంత్రమున్నదని ధైర్యము చెంది కవచమును ఒడ్డున వదలిపోవువాడు, చేతిపనిని తేలిక చేసికొని ప్రాణమును బరువు చేసికొనినవాడగును. కవచము తొడిగికొని, పడవను పరీక్షించి, ఆపైన నీటిలోనికి పోవుటయే మా మనవి.